సారుకు నేర్పిన భాష

సిరిసిల్లలో మరమగ్గాల మోత చెవిన పడితే నాకు పక్కింటి రాజవ్వ గుర్తొస్తుంది. పుట్టుకతోనే ఆ పిల్లకు వినబడదు. పందొమ్మిది వందల అరవైల్లో, నా చిన్నప్పుడు, ఆ మోతలో మాటలు వినబడక మా నేతగాళ్ల వాడంతా చేతులతోనే మాట్లాడుకునేది. ఆ భాష లోకమంతటికీ వచ్చనుకునేదాన్ని.

రాజవ్వను వాళ్లవ్వ బడికి తీసుకొస్తే కొత్త సారు తటపటాయించాడు.

"వినబడని పిల్లకు నేనెట్ల చెప్పాలమ్మా?"

పాపం, సారుకు చేతులతో మాట్లాడటం రాదని నాకు జాలేసింది. "ఫికర్ చెయ్యకుండ్రి సారూ, మేం నేర్పిస్తం" అన్నాను.

సారు పకపకా నవ్వి, రాజవ్వను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. "సరే, నీళ్లను ఎట్లంటరు?" అని అడిగాడు. నేను దోసిలి పట్టాను. అట్లా కాదన్నట్టు రాజవ్వ నన్ను పక్కకు నెట్టి, బొటనవేలు నోటికి ఆనించి చూపింది.

దసరా నాటికి రాజవ్వ పలక మీద తన పేరు రాసింది. అల్లరి చేస్తే సారు మమ్మల్ని చేతి సైగలతోనే మందలించేవాడు.

సారుకు చదువు చెప్పింది నేనేనని మా వాడంతా చెప్పుకు తిరిగాను. పిల్లల దగ్గర నేర్చుకోవడానికి కూర్చునే సార్లు ఎంత అరుదో అప్పుడు నాకు తెలియదు.