పచ్చి ఈక

“పచ్చి ఈకల మీదున్న పుంజుని పందేనికి దించుతావురా? సస్తాది!”

“అద్దంలా మెరుస్తా ఉంది. సస్తాదంట! నీ చేతికింద పుంజులు ముసిలివయిపోవాల్సిందే. ఇయ్యక్కా!”

గోడవతల మారిసెల్వం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. పక్కింటి గురువమ్మాళ్‌కీ, ఆమె తమ్ముడు తంగపాండికీ పుంజుల గొడవ కొత్తేం కాదు. కానీ ఈ ఆదివారం ఇద్దరూ తగ్గేలా లేరు.

మొగుడు పోయాక గురువమ్మాళ్ రోజూ కోవిల్పట్టిలో రైలెక్కి, విరుదునగర్ మండీలో మిరపకాయలకు తొడిమలు తీసి, తిరిగొచ్చి పందెం పుంజులు మేపుతూ ఇరవయ్యేళ్లుగా బతుకుతోంది. పుంజు ఈక మార్చే నెలల్లో దాన్ని బరి దరిదాపులకు పోనివ్వదు. సజ్జలు, వేరుశెనగ గింజలు, ఎండుచేప ఎంత పెట్టినా ఈ నల్లపుంజుకి రొమ్మెముక తేలింది. ఎండెక్కినా మూలన వణుకుతోంది. తంగపాండికి పైమెరుపే కనబడింది.

“రొమ్ము తడిమి చూడరా. కండ యాడుంది? తిన్నదంతా ఈకలు మొలిచేదానికే చాలకుండా ఉంది!”

చెంపదెబ్బ. రోకలి దొర్లిన చప్పుడు. పచ్చికొమ్మ విరిగినట్టు ఇంకోటి. ఆమె కేక.

మారిసెల్వం లేచాడు. గోడ మాత్రం దాటలేదు. వాడి దగ్గర పందెం కత్తి ఉంటుందని తనకు తానే చెప్పుకున్నాడు. తంగపాండి పుంజుతో బైకెక్కి పోయాకే ఆమె గడప తొక్కాడు. ఆమె కుడి మణికట్టు వాచి వేలాడుతోంది.

“ఆసుపత్రికి పోదాం రా అత్తా.”

“పుంజు రానీ.”

పొద్దు వాలకముందే వచ్చింది. తంగపాండి దాన్ని కాళ్లు పట్టి వాకిట్లోకి విసిరాడు. “రెండు ఎగురులకే రొప్పింది దరిద్రం! కూర వండుకో.” బైకు దిగకుండానే పోయాడు.

ఒక కన్ను లేదు. మెడ చీలింది. ఆమె అవేవీ పట్టించుకోకుండా ఎడమచేత్తో రెక్క విప్పింది. సగం పెరిగిన ఈక ఒకటి విరిగి, నెత్తురు ధారకట్టి కారుతోంది.

“మెడ మానతాది. కొత్త ఈక కాడ నిండా నెత్తురే. విరిగితే ఆగదు, మొదలంటా పీకాల్సిందే.” ఎన్ని పీకిందో ఆ కుడిచేత్తోనే. ఇప్పుడా చెయ్యి కదలడం లేదు. పుంజుని మోకాళ్ల మధ్య అదిమింది. అది తొడ మీద గోళ్లు దించింది. ఆమె పళ్లు బిగించి మారిసెల్వం వైపు చూసింది.

“గోడవతల నిలబడి అంతా విన్నావని తెలుసు మారీ. ఆ మాట ఇప్పుడొద్దు. పట్టకారు తీసుకో. కాడని మొదట్లో పట్టి ఒక్క గుంజు గుంజు. అరుస్తాది, రక్కుతాది. వదలమాకు.”