చిటారు కొమ్మ మాట

బ్లేడమ్మ అంటే ఆ పరిశోధనశాలలో తెలియనివాళ్లు లేరు. చెక్కను ఉడకబెట్టి, మెత్తబడ్డాక యంత్రానికి బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోయడం ఆవిడ పని. ఆ పొరకు ఎర్రరంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, చెట్టులో నీళ్లు పైకెక్కే గొట్టాలు చిన్న చిన్న రంధ్రాలుగా కనిపిస్తాయి. “జాగ్రత్తర్రోయ్, ఆవిడ మనుషుల్నీ అలాగే కోస్తుంది” అని తోటివాళ్లు ఏడిపించేవారు. ఆవిడ ఊరుకునే రకమా? “నీ బుర్ర ఇటివ్వు నాయనా, కోసి చూస్తా. లోపలంతా గాలే!” అనేది.

అక్కడివాళ్లు చెట్లకు రెండే పేర్లు పెట్టుకున్నారు. గొట్టాలు వెడల్పుగా ఉంటే తాగుబోతు. అది నీళ్లు గటగటా లాగి ఏపుగా ఎదుగుతుంది. నేల ఎండిందా, ఆ గొట్టాల్లో గాలిబుడగలు చేరి, నీటిధార తెగి, నిలువునా చస్తుంది. గొట్టాలు సన్నగా ఉంటే పొదుపరి. ఎదుగుదల నత్తనడకే గానీ, ఉన్న నీళ్లతోనే గుట్టుగా నెట్టుకొస్తుంది.

ఆవిడ తమ్ముడు తనకున్న కాస్త నేలలో కలప చెట్లు వేస్తానన్నాడు. ఆ నేల తప్ప అతనికి మరో ఆధారం లేదు. “మా బావిలో నీళ్లు అంతంతమాత్రం అక్కా. నువ్వు ఏది నాటమంటే అది నాటతా” అన్నాడు. పరిశోధనశాల నర్సరీలో ఒక కొత్త రకం ఉంది. అది తాగుబోతో పొదుపరో తేలాలంటే దాని తల్లిచెట్టు మానులోంచి ముక్క తీయాలి. తొలిచే పనిముట్టేమో ఎవరో పట్టుకుపోయారు. మబ్బు కమ్ముకొస్తోంది, తమ్ముడు బయట బండి దగ్గర తొందరపడుతున్నాడు. ఆవిడ చిటారు కొమ్మ ఒకటి విరిచి కోసింది. గొట్టాలు ముచ్చటగా సన్నగా ఉన్నాయి. “పొదుపరిరా! కళ్లు మూసుకుని నాటుకో” అంది.

ఏ చెట్టుకైనా చిటారున గొట్టాలు సన్నగానే ఉంటాయి, మొదలుకు వచ్చేకొద్దీ వెడల్పవుతాయి. ఈ సంగతి ఆవిడకు తెలియదా? కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేదే ఆవిడ! పరాయివాళ్ల పనైతే మానుముక్క లేనిదే కత్తి ముట్టేది కాదు. సొంత తమ్ముడనేసరికి ఆదరాబాదరా కానిచ్చేసింది. ప్రేమ ఇలాంటి వెధవ పనులే చేయిస్తుంది మరి.

మొదట్లో వానలు దండిగా పడ్డాయి. చెట్లు చూస్తుండగానే తమ్ముడి తల దాటాయి. “అంతా మా అక్క చేతి చలవ” అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆవిడకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పొదుపరి ఇంత జోరుగా ఎదగదు. నేల మంచిదేమోలే అని సర్దిచెప్పుకుంది.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. చెట్లు నేలలో తడంతా లాగేశాయి, బావిలో బురద తేలింది. తమ్ముడూ మరదలూ ఎక్కడెక్కడి నుంచో బిందెలతో మోసుకొచ్చి పోశారు. ఏనుగు దాహానికి చూరు నీళ్లా! పైనుంచి ఎండుతూ ఎండుతూ తోటంతా కట్టెలైపోయింది.

నరికిన మొదటి మాను నుంచి ఆవిడ ఒక ముక్క తెచ్చి, ఉడకబెట్టి, కోసి చూసింది. పొరంతా జల్లెడలా ఉంది. అచ్చమైన తాగుబోతు. అలాగే లేచి తమ్ముడి దగ్గరికి పోయింది.

తమ్ముడు మోడును రంపంతో కోస్తున్నాడు. “మరీ దగ్గరదగ్గరగా నాటేశానక్కా. నా బుద్ధి గడ్డి తింది” అన్నాడు.

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఆవిడకు నోరాగలేదు.

“నీ తప్పేం లేదురా. నేనే మాను చూడకుండా కొమ్మ చూసి చెప్పాను.”

రంపం ఆగింది. “కొమ్మ చూసి చెప్పకూడదని నీకప్పుడు తెలుసా?”

“తెలుసు. నువ్వు తొందరపడుతున్నావని...”

నాలుగు తిట్టినా బాగుండేది. తమ్ముడు చెమట తుడుచుకున్నాడు. “సరేలే. ఎండలో నిలబడకు, ఇంట్లోకి పో” అని మళ్లీ రంపం అందుకున్నాడు.

మళ్లీ వానలు మొదలయ్యాక ఆవిడ వాళ్లింటికి వెళ్లింది. మరదలు మోచేతుల దాకా మట్టితో గుమ్మంలోకి వచ్చింది.

“మొక్కలు నాటుతున్నారటగా అమ్మాయ్? ఏ రకం?”

మరదలు వెనక్కి, పెరటివైపు చూసి, గొంతు తగ్గించింది.

“మీకు చెప్పొద్దన్నారు వదినా.”