మా వాడకట్టంతటికీ ఒకటే నంబరు

తప్పు నాదే. మా ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టిన రోజు అందరినీ ఫోన్ నంబరు చెప్పమన్నారు. ఊళ్లో సిగ్నలే లేదు, ఇక ఫోన్లెవరు కొంటారు? నాంపల్లి స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపులో పనిచేసే నా దగ్గరే ఒకటుంది. "నాది రాసుకోన్రి" అన్నాను గొప్పగా. మా వాడకట్టంతా వరుసలో నిలబడి నా నంబరే రాయించుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

అప్పటి నుంచి అందరి ఓటీపీలూ నాకే వస్తాయి. వడ్లు అమ్ముకునే టోకెన్, గ్యాసు, దవాఖాన కార్డు, ఏ పనున్నా వాళ్లు మండలంలోని నెట్ సెంటర్‌కు పోయి అక్కడి నుంచి ఫోన్ చేస్తారు. "తమ్మీ, వచ్చిందా?" అంటారు. నేను ఆరంకెలూ చదువుతాను. నంబరు మార్చుకోండి మహాప్రభో అంటే, దానికి వేలిముద్ర కావాలట. పత్తి ఏరి ఏరి వాళ్ల వేళ్ల మీద గీతలే మిగల్లేదు, అక్కడి పాత మిషన్ పట్టదు. ఇక్కడ అబిడ్స్‌లో చెరుకురసం బండి మీది డబ్బా కూడా డబ్బులు వచ్చాయని నోరు తెరిచి చెబుతుంది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఊరికి పోతే అందరి పనులూ ఆగుతాయి. బస్సు సిటీ దాటితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఊళ్లో అసలే ఉండదు. ఓటీపీకి పది నిమిషాలే ఆయుష్షు. ఒకసారి ఫోన్ షాపులో వదిలి పోయాను. మా సేటు అంకెలు తారుమారుగా చదివాడు, టోకెన్ దొరక్క ఒక పెద్దమ్మ వడ్లు కల్లంలోనే వానకు తడిశాయి. మళ్లీ వదల్లేదు.

నిరుడు మా బావ పోయాడు. తల్లి లేని నన్ను పెంచిన అక్క భర్త. మండలం నుంచి ఎవరో ఫోన్ చేస్తే కబురు పొద్దున్నే తెలిసింది. బస్సు కోసం మొజంజాహీ మార్కెట్ దాకా వచ్చానో లేదో ఊళ్లో మా ఎదురింటాయన నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేశాడు. "తమ్మీ, మా బిడ్డ కాలేజీ సీటుకు ఇయ్యాల్నే ఆఖరు. జర గా నంబర్ చెప్పినంక పో."

సర్వర్ సతాయించింది. పండ్ల దుకాణాల ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. కళ్ల ముందే బస్సులు పోయాయి. ఓటీపీ మూడింటికి వచ్చింది. ఆ పిల్లకు సీటు దొరికింది. నేను చేరేసరికి బావ చితి ఆరిపోయింది. అక్క నా ముఖం చూడలేదు, పదోనాడు కూడా మాట్లాడలేదు.

నెల తర్వాత నెట్ సెంటర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తాను. అక్క గొంతు. బావ పోయాక వచ్చే పింఛనుకు రాయించుకోవడానికి వచ్చిందట.

"తమ్మీ, వచ్చిందా?"

ఆరంకెలూ చదివాను. నాకు ఏడుపొచ్చింది. "అక్కా, ఈ ఆదివారం వస్తా" అన్నాను.

అక్క నెట్ సెంటరాయనను ఏదో అడిగి మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"రాకు. పింఛనుకు నీ ఫోన్ల ఇంకొక నంబర్ వస్తదంటున్నరు, ఎప్పుడొస్తదో తెల్వదు. నువ్వు గాడనే ఉండు."