తడిసిన చెక్కబల్ల

పెదపాడులో మా తాతయ్య చేపల చెరువు గట్టున చెక్కబల్ల ఉండేదనీ, ఏటా తొలకరికి ముందు దానికి అవిసె నూనె పూసేవారనీ నాకు కచ్చితంగా తెలుసు. ఆ చెక్క పాత పడవదన్నది మాత్రం నాన్న చెప్పగా విన్నదే.

ఇవాళ ఏలూరులో, మా డాబా మీది చెక్క నేలకు మళ్లీ నూనె పూయడానికి టేకు రంగా, ముదురు గోధుమా అని తేల్చుకోలేక డబ్బాల మూతలు తీశాను. అదే వాసన.

నాకప్పుడు ఆరేళ్లు. తాతయ్య బల్ల మీద నీటిచుక్క వేశారు. అది ఇంకిపోయింది.

"దీనికి దాహంగా ఉందమ్మా. రేపు నూనె పూసేద్దాం. వానలోపు పూయకపోతే కుళ్లిపోద్ది."

నాకు జాలేసింది. తెల్లవారగానే చెంబుతో బల్లంతా తడిపాను. తడిసిన చెక్క నూనె పీల్చదని నాకు తెలియదు.

తాతయ్య బల్లను తడిమి, మబ్బుల వైపు చూశారు.

"ఎవరు తడిపారండీ?" అంది నాయనమ్మ, నా చేతిలోని చెంబును చూస్తూ.

"మంచు కురిసిందిలేవే."

"రోహిణి కార్తెలో మంచేమిటండీ, విడ్డూరం!"

ఆయన బల్లను రెండు రోజులు ఎండనిచ్చి, మూడో రోజు కుంచె నా చేతికిచ్చారు. ఆ సాయంత్రమే వాన పడింది. చినుకులు బల్ల మీద ఇంకకుండా పూసల్లా నిలిచాయి.

తడిపింది నేనేనని ఆయనకు తెలుసా? అడగాలంటే ముందు నేను ఒప్పుకోవాలి. ఆ ధైర్యం వచ్చేసరికి తాతయ్య లేరు.