హెడ్‌మిస్ట్రెస్ గారి ఫోన్‌కి లాక్ వేసిందెవరు?

వీధిలో ఎవరి సెల్‌ఫోనైనా మోగితే ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూసే రోజులవి. ఆ రోజుల్లో నాకు ఇరవైరెండేళ్లు, డిగ్రీ చేతికొచ్చి ఆరు నెలలు. భయాలు మాత్రం వయసుకి మించి ఉండేవి. బస్సులో కండక్టరు గట్టిగా పిలిస్తే భయం, ఎవరైనా ఇంగ్లీషులో పేరడిగితే భయం, అటెండెన్సు రిజిస్టరులో ఎర్రసిరా కనిపిస్తే భయం. ఈ భయాలన్నీ కలిసి ఒక మనిషై, గంజి పెట్టిన తెల్ల నేతచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఆవిడే మా హెడ్‌మిస్ట్రెస్ గారు. రావులపాలేనికి కాస్త దూరంలో, మిషన్ వాళ్ల ఆడపిల్లల హైస్కూల్లో నేను టెంపరరీ కంప్యూటర్ టీచర్ని. జూన్‌లో నన్ను ఉంచాలా పంపాలా అన్నది ఆవిడ చేతిలో ఉండేది. పిల్లలు ఆవిడకి ‘సైలెన్స్‌గారు’ అని పేరు పెట్టుకున్నారు. ఆవిడ నోటివెంట ఆ మాట రావడం నేనెప్పుడూ వినలేదు. వరండాలో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, స్కూలంతా దానంతటదే సైలెన్సయిపోయేది.

ఒకరోజు ప్రేయర్ అయ్యాక ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, చేతిరుమాల్లో చుట్టిన ఒక ఫోన్ బల్లమీద పెట్టారు. ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న చెల్లెలు సెలవుకి వచ్చి, తను వాడిన ఫోన్ అక్కకి ఇచ్చి వెళ్లిందట. “కంప్యూటర్లు చెప్తావు కదమ్మా, ఇదీ అలాంటిదే కదా. ఈ సిమ్ కార్డు వేసి సాయంత్రానికి ఇచ్చెయ్యి” అన్నారు. “అలాగేనండి” అన్నాను. (ఈ ఒక్కమాట వల్ల నా జీవితంలో వచ్చిన ఇబ్బందులన్నీ రాస్తే ఓ పుస్తకం అవుతుంది.)

మధ్యాహ్నం కంప్యూటర్ గది తలుపు దగ్గరగా వేసి సిమ్ పెట్టాను. ఫోన్ వెలిగింది. వెలిగి, ఈ సిమ్ నాకు పనికిరాదు, మా కంపెనీ కోడ్ కొట్టండి అని ఇంగ్లీషులో అడిగింది. కింద చిన్న అక్షరాల్లో, ఐదుసార్లు మాత్రమే ప్రయత్నించవచ్చు అని ఉంది. వివేకం ఉన్న మనిషైతే అక్కడితో ఆగిపోయేది. నేను అన్నీ సున్నాలు కొట్టాను. నాలుగు అంది. ఒకటి నుంచి వరసగా ఎనిమిది దాకా కొట్టాను. మూడు అంది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఐదూ అయిపోతే ఫోన్ శాశ్వతంగా మూగబోతుందని ఎక్కడో చదివాను. ఫోన్ పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే అమలాపురం మేనత్తగారి సంబంధం తప్పదు. ఐదు నిమిషాల్లో నా ఊహ అక్కడిదాకా వెళ్లొచ్చింది.

సాయంత్రం ఫోన్ తిరిగిచ్చేస్తూ, “దీనికి లాక్ ఉందండి మేడమ్” అన్నాను. రెండుసార్లు కొట్టిన సంగతి మింగేశాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, బోర్డుమీద పిచ్చిబొమ్మ గీసిందెవరని క్లాసుని అడిగే గొంతుతోనే, “లాకా? వేసిందెవరు?” అన్నారు. నేనేనండి అని చెప్పేయబోయి నాలుక కరుచుకున్నాను. (ఆఫీసు ల్యాండ్‌లైన్ డయల్‌కి ఆవిడే స్వయంగా చిన్న తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకునేవారు. ఆ ముక్క గుర్తు చేసే ధైర్యం మా స్టాఫ్‌లో ఎవరికీ లేదు.)

“శనివారం రాజమండ్రి వెళ్లి కనుక్కునిరా. వేసినవాళ్లే తియ్యాలి” అన్నారు. వెళ్లాను. దారిపొడుగునా బస్సులో ఫోన్ సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకునే కూర్చున్నాను. మెయిన్ రోడ్డులో ఫోన్ల షాపతను చూసి, “ఫోన్‌లో తప్పేం లేదండి. ఆ దేశం కంపెనీ లాకేసి అమ్మింది. సిమ్ వాళ్లనడగండి” అన్నాడు. సిమ్ కంపెనీ ఆఫీసులో అమ్మాయి మా సిమ్‌ని తన ఫోన్‌లో వేసి మోగించి చూపించి, “మా వైపు నుంచి క్లియరేనండి. ఫోన్ తయారుచేసినవాళ్లనడగండి” అంది. సర్వీస్ సెంటరాయన నిట్టూర్చి, “మేం తయారుచేస్తామంతేనమ్మా. లాక్ వెయ్యమన్నది అక్కడి నెట్‌వర్కు వాళ్లు. అసలు కొన్నావిడ చూసుకుని కొనాల్సింది కదండీ?” అన్నాడు. తిరిగి మొదటి షాపుకే వస్తే అతను గొంతు తగ్గించి, “కేబుల్ పెట్టి మేం తీసేస్తామండి. పోతే మాత్రం మాకు సంబంధం లేదు” అన్నాడు. ఆ మాట వినగానే ఫోన్ లాక్కుని ఇంచుమించు పరిగెత్తుకుంటూ బస్టాండుకి వచ్చేశాను.

సోమవారం ఇదంతా అప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా విని, “అందరూ మంచివాళ్లే అన్నమాట” అని, ఫోన్ తన బీరువాలో పెట్టి, చెల్లెలికి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తర్వాత నెలరోజులూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పోస్ట్‌మాన్ సైకిల్ గేటు దాటితే కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. కోడ్ రాకపోతే ఒక భయం, వస్తే ఇంకో భయం.

చివరికి వచ్చింది. ఆవిడ నన్ను పిలిచి తలుపు వెయ్యమన్నారు. ఆవిడ తలుపు వెయ్యమంటే ఎవరికో ఉద్యోగం పోతుందని స్టాఫ్‌రూంలో ఒక నమ్మకం. ఉత్తరం తీసి చదివారు. చెల్లెలు కంపెనీకి ఫోన్ చేస్తే, “మీ ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది, అడిగుంటే అప్పుడే ఇచ్చేవాళ్లం” అని కోడ్ చెప్పేశారట. “అడగలేదట. అదీ తప్పు” అన్నారు ఆవిడ ఎవరితోనో అన్నట్టు. ఫోన్ నా చేతికిచ్చారు. వెలిగించాను.

ఒకటి. ఒకేఒక్కసారి మిగిలుంది.

నేను పాడుచేసింది రెండే కదా, మూడు మిగలాలి కదా! లెక్క తప్పానా? ఇంకా దాచే ఓపిక లేకపోయింది. “మేడమ్, నన్ను క్షమించండి. ఆ రోజు మీకు చెప్పకుండా రెండుసార్లు ఏదో కొట్టేశానండి” అని ఏడ్చేశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, “మిగతా రెండూ నావమ్మా” అన్నారు.

నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. “మీరాండీ?”

“ఒకసారి చెల్లెలి పుట్టినరోజు కొట్టాను. ఇంకోసారి మా నాన్నగారు పోయిన రోజు. మా చెల్లికి గుర్తుండే తేదీలు అవే కదా అని.” తర్వాత చిన్నపిల్లలా అడిగారు. “ఇది కూడా పోతే ఇంక రాదంటావా?”

ఆవిడకి కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. విచిత్రమేమిటంటే ఆ సంగతి తెలిసి నా భయం ఇంకాస్త పెరిగింది.

ఆవిడ హాజరు పిలిచినట్టు ఒక్కో అంకె చదివారు. నేను ఒక్కోటీ పైకి చెప్పి నొక్కాను. మళ్లీ మొదట్నుంచి సరిచూసుకున్నాం. చివరి మీట దగ్గర నా వేలు కదల్లేదు. “మీరు నొక్కండి మేడమ్” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, “నా చేతులు వణుకుతున్నాయి. నువ్వే నొక్కు. నొక్కమన్నది నేను. పోతే నేను పోగొట్టినట్టు” అన్నారు. రాజమండ్రి అంతా తిరిగినా ఈ మాట అన్నవాళ్లు నాకొక్కరూ దొరకలేదు.

కళ్లు మూసుకుని నొక్కాను. కళ్లు తెరిచేసరికి సిగ్నల్ గీతలు నాలుగు నిలబడి ఉన్నాయి. ఎవరికి చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. మాకు తెలిసినవాళ్లెవరి దగ్గరా సెల్‌ఫోన్ లేదు మరి. నేను స్కూలు నంబరే కొట్టాను. మోచేతి పక్కనున్న ల్యాండ్‌లైన్ గణగణమంటే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. ఆవిడ రిసీవరెత్తి, గంభీరంగా “హలో, ఎవరండీ?” అన్నారు. “నేనేనండి మేడమ్” అన్నాను ఎదురుగా నిలబడే. అప్పుడు నవ్వారు ఆవిడ. ఆ గదిలో అలాంటి చప్పుడు అంతకుముందెప్పుడూ పుట్టి ఉండదు. నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుని, “ఇది బయట ఎవరికీ చెప్పకమ్మా, పిల్లలు నా మాట వినరు” అన్నారు. “అలాగేనండి” అన్నాను.

ఇన్నేళ్లూ చెప్పలేదు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది, పిల్లలు ఎవరి మాటా వినని రోజులొచ్చాయి కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. అయినా ఈ కాగితం రాస్తూ రెండుసార్లు లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను.