నాన్న గడ్డం మీద అమ్మ చెయ్యి

ఇవాళ తెనాలిలో మా అబ్బాయి కొత్త బియర్డ్ ఆయిల్, షేవింగ్ క్రీమ్ తెప్పించుకుని, "అమ్మా, వాసన చూడు" అంటూ మూత తీశాడు. ఆ గంధం వాసనకి నేను రేపల్లెలోని మా పుట్టింటి పెరట్లోకి వెళ్లిపోయాను. గుండ్రటి షేవింగ్ సబ్బు, కుచ్చు బ్రష్షు, పటిక ముక్క మీ ఇళ్లలోనూ ఉండేవి కదూ?

నాన్న స్కూలు మాస్టారు. గడ్డం గీసుకోకుండా గుమ్మం దాటేవారు కాదు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక సెలూన్ అతన్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. చర్చికి రావడం కూడా మానేసి, మాసిన గడ్డంతో, ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఒక ఉదయం అమ్మ నురగ కలిపి, రేజరు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ దాన్ని ముట్టుకుని ఎరగదు. గొంతు దగ్గరికి వచ్చేసరికి సన్నగా రక్తం కారింది. అమ్మ రేజరు వెనక్కి తీసేసింది.

"నా వల్ల కాదండి."

నాన్న ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, రేజరుని మళ్లీ తన గొంతు మీదే ఆనించుకున్నారు. మాట ముద్దగా వచ్చింది.

"తెగితే తెగిందిలేవే. కానియ్యి."

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అంతా అయ్యాక అమ్మ పటిక రుద్దింది. ఆయన నున్నటి చెంపని చాలాసేపు తడుముకున్నారు.

"ఆదివారం చర్చికి వస్తాను. నా తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నారు.