సొరపందిరి మీద నా ఫ్లెక్సీ

మొన్న శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, ఓ ఐదు నిమిషాల సేపు, నేను ఈ లోకంలో లేనండి! ఊరికి పోయానని కాదు. మొత్తానికే లేను. మా గేటు ముందర పది పదిహేను మంది నిలబడి ఏడ్చారు. వాళ్లలో ఒకాయన ఆ రోజు పొద్దున ఆరింటికి పాలప్యాకెట్ల దగ్గర నాతో నిలబడి మాట్లాడినవాడే. అయినా ఏడ్చాడు!

చాయ్ చల్లారనియ్యకండి, తాగుతూ వినండి. కొంచెం వెనకనుంచి చెప్పాలి. నేను ఏ సంగతైనా వెనకనుంచే మొదలుపెట్టి ముందుకు రావడం మర్చిపోతానని మా ఆవిడ భారతమ్మ అంటుంది. ఆమె మాట పట్టించుకోకండి.

మాది హనుమకొండ దాటి హసన్‌పర్తి వైపు పోయే దారిలో చిన్న కాలనీ. గల్లీలో అందరి వాకిళ్లకూ టైల్స్ పడ్డాయి. మా ఒక్క ఇంటి ముందే మట్టి మిగిలింది. ఆ మట్టే నా తోట. ఎప్పుడో బి.ఎస్సీ.లో బాటనీ చదివాను. తర్వాత ముప్పై రెండేళ్లు ఓ సర్కారు ఆఫీసులో ఫైళ్ల మధ్య బతికాను. అక్కడ నాకు కనిపించిన ఏకైక మొక్క బీరువా మీది మనీప్లాంటు. అది కూడా ప్లాస్టిక్‌దని రిటైరయ్యే రోజు తెలిసింది. ఏడేళ్లు దానికి నీళ్లు పోశానండి!

సరే, తోట. రెండేళ్ల కింద మొదట లాన్ వేశాను. ఫోన్‌లో వీడియోలు చూసి, ‘లాండ్‌స్కేపింగ్’ అని పెద్ద మాట నేర్చుకుని, గడ్డి చాపలు తెప్పించి పరిచాను. మూడో రోజు పొద్దున గేటు తీసిపెట్టి పేపర్ చదువుతుంటే ఎవరిదో బర్రె లోపలికొచ్చి లాండ్‌స్కేప్ మొత్తం మేసి, మర్యాదగా తిరిగి వెళ్లిపోయింది. పోయినేడు వంగ, టమాట, బీర పెట్టాను. అవన్నీ కోతులు తిన్నాయి. పిందె మీదుండగానే తెంపడం, ఒక్క కొరుకు కొరకడం, పారేయడం! అన్నీ రుచి చూడాలి, ఒక్కటీ పూర్తి చేయొద్దు. మా ఆఫీసులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లు కూడా టిఫిన్లు అట్లాగే తినేవాళ్లు.

ఈ ఏడు మృగశిర కార్తె రాగానే మళ్లీ గడ్డపార పట్టుకుంటే మా ఆవిడ వరండాలో నిలబడింది.

“ఏమయ్యా, రెండేండ్లాయె. నీ తోటల నుంచి ఒక్క కాయ నా వంటింట్లకు వచ్చిందా?”

“ఈసారి వస్తది.”

“సరే. బతుకమ్మ పండుగ లోపల ఒక్క సొరకాయ నా వంటింట్లకు రావాలె. రాకపోతే ఈ మట్టంత తీసేసి టైల్స్ ఏపిస్త. మాట మాటే.”

ఉత్త బెదిరింపు కాదండి. ఆ మర్నాడే మేస్త్రీని పిలిపించింది. అతను నా ముందరే టేపు పట్టి కొలుచుకుని పోయాడు. పోతూ పోతూ, “సార్, బిస్కెట్ కలర్ అయితే మాసినా కనవడది” అని సలహా కూడా ఇచ్చాడు.

ఇక నా పట్టుదల చూడాలి! పశువుల ఎరువు తెచ్చి గుంటలు నింపాను. నాలుగు సొరగింజలు నానబెట్టి పెట్టాను. మూడు మొలిచాయి, ఒకటి బతికింది. గోడ పక్కన వెదురు పందిరి వేసి ఎక్కించాను. ఆషాఢమంతా తీగ సాగింది, శ్రావణంలో పూలు పట్టాయి. అయితే పిందెలు నిలబడవు! రాలిపోతున్నాయి. నా బాటనీ అప్పుడు పనికొచ్చింది. సొరపువ్వు పొద్దు గూకేవేళకు విచ్చుకుంటుంది, దాని మీద తేనెటీగలు వాలవు. అందుకని రోజూ సాయంత్రం మనుమరాలి పెయింటింగ్ బ్రష్షు పట్టుకుని మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటించడం మొదలుపెట్టాను. ఒకరోజు మా పక్కింటి సమ్మయ్య గోడ మీదినుంచి చూశాడు.

“అన్నా, పూలకు రంగేస్తానవా?”

“లేదు సమ్మయ్యా, పెండ్లి చేస్తున్న.”

ఆయన గోడ దిగి లోపలికి పోయి, “సారు పని అయిపాయె” అని వాళ్ల ఆవిడతో అనడం వినబడింది.

మొత్తానికి ఒక్క పిందె నిలబడింది. ఒక్కటంటే ఒక్కటే! చిటికెనవేలంత ఉన్నప్పటినుంచి రోజూ కొలిచేవాణ్ణి. అది జానెడు కాగానే కోతులు కనిపెట్టాయి. కరెంటు తీగ మీద వరుసగా కూర్చుని నా పందిరి వైపే చూపు. వాటి పెద్దదానికి ఎడమ చెవి సగమే ఉంటుంది. మిగతా సగం ఎక్కడ పోయిందో గాని ధైర్యం మాత్రం పూర్తిగా ఉంది.

టపాకాయలు కాల్చాను. అవి కాలి అయిపోయేదాకా ఆగి కోతులు దిగాయి. ఫోన్‌లో కుక్క అరుపులు పెట్టాను. గల్లీలో ఉన్న నిజం కుక్కలన్నీ వచ్చి మా గేటు దగ్గర కూర్చున్నాయి, కోతులు రాకుండా పోలేదు. ఎవరో చెప్పారని పులిబొమ్మ ఫ్లెక్సీ కట్టాను. సగం చెవిది పులి ముక్కు మీద కూర్చుని పేలు చూసుకుంది. కొండెంగ బొమ్మ కడితే కోతులు పారిపోతాయంటే అదీ కట్టాను. దానితో ఏదో చుట్టరికం కలిపినట్టున్నాయి, ఇంకో రెండు కోతులు ఎక్కువ వచ్చాయి.

అప్పుడు మా ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. నా రిటైర్మెంట్ నాడు ఆఫీసువాళ్లు నా ఫొటోతో ఆరడుగుల ఫ్లెక్సీ వేయించారు. మెడలో బంతిపూల దండ, కళ్లు గుడ్లగూబ కళ్లలాగా! ఫొటో తీసినవాడు, “సార్, రెప్ప కొట్టొద్దు, అస్సలు కొట్టొద్దు” అంటే, ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆర్డర్ తప్పని మనిషిని కదా, కొట్టలేదు. సభ అయ్యాక ఆ ఫ్లెక్సీ మా ఇంట్లో అన్నింటికీ పనికొచ్చింది. స్కూటర్ మీద కప్పారు, సిమెంటు బస్తాల కింద పరిచారు. చివరికి అక్షరాలున్న కింది భాగం కత్తిరించి నీళ్లట్యాంకు మీద మూతకు వాడారు. మిగిలిన నా ముఖం మీద మా ఆవిడ వడియాలు ఎండబెడుతుంది.

“ఏమయ్యా, గమనించినవా? డాబా మీద వడియాలు పెట్టి నాలుగు రోజులాయె. ఒక్క కోతి గూడ ముట్టలే.”

“ఎందుకు?”

“కింద నువ్వున్నవ్ గదా!”

నాకు కోపమొచ్చింది గాని సొరకాయ ముఖ్యం. వడియాలు దులిపి, ఫ్లెక్సీని పందిరికి రోడ్డు వైపు ముఖం పెట్టి కట్టాను. మీరు నమ్మరు! సగం చెవిది కరెంటు తీగ మీదినుంచి దిగింది, గోడ మీదికొచ్చింది, నా ముఖం చూసింది, కిచకిచమని వెనక్కి పరుగు! పులికి భయపడలేదు, కొండెంగకు భయపడలేదు, నాకు భయపడ్డది! మా ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. సమ్మయ్య అయితే బాహాటంగానే అడిగాడు.

“అన్నా, మా జామచెట్టుకు గూడ నీ మొకం జర రెండు రోజులియ్యరాదే?”

ఇరవై రోజులు నా ముఖం కాపలా కాసింది. సొరకాయ మూరెడు దాటింది. శనివారం పొద్దున మా ఆవిడ గోరు గుచ్చి చూసి, “లేతగనే ఉంది. ఇయ్యాల తెంపు. తురిమి బియ్యప్పిండిల కలిపి సర్వపిండి చేస్త” అంది. గెలిచానండి! ఆమె పల్లీలు, నువ్వులు మిక్సీలో వేయడానికి లోపలికి పోయింది. తెంపే ముందు ఒక్క చిన్న పని చేద్దామనుకున్నాను. తీగకు పేనుబంక పట్టింది. కుంపట్లో నిప్పులేసి, వేపాకు వేసి, పందిరి కింద పొగపెట్టి, ఫ్లెక్సీ వెనకాల కూర్చుని విసనకర్రతో ఊపుతున్నాను.

ఇప్పుడు రోడ్డు మీదినుంచి చూసేవాళ్లకు ఏం కనబడుతుందో ఊహించండి. దండ వేసిన నా పెద్ద ఫొటో. దాని కింద అటొకటి ఇటొకటి బంతిపూల కుండీలు, పురుగు రాకుండా నేనే పెట్టినవి. నడుమ కుంపటి. సాంబ్రాణి వేసినట్టు మెల్లగా లేస్తున్న పొగ. మా దగ్గర ఏ గల్లీలోనైనా ఇంటి ముందు అట్లా ఫ్లెక్సీ కనబడితే చెప్పులు పక్కకు విడిచి దండం పెట్టుకునే అలవాటు అందరిదీ. నాదీ అదే అలవాటు. అయినా నాకు తట్టలేదు!

సరిగ్గా అప్పుడే వర్ధన్నపేట నుంచి మా చిన్నమ్మ కూతురు లచ్చక్క ఆటో దిగింది. నాకన్నా రెండేళ్లు పెద్ద. కంటిదవాఖానలో చూపించుకుందామని వచ్చింది. అంటే చూపు అంతంతే. గేటు దగ్గర ఆగింది. ఫొటో చూసింది. దండ చూసింది. పొగ చూసింది.

“ఓ తమ్మీ... నా తమ్మీ... నాకొక్క మాట గూడ చెప్పకుంట పోతివారా కొడుకో...”

లచ్చక్క గొంతు మీకు తెలియదు. వర్ధన్నపేటలో ఏడిస్తే మరిపెడలో పొయ్యి మీది కుండ దించి పరామర్శకు బయల్దేరతారు. క్షణంలో గల్లీ అంతా వచ్చింది. ఎవరూ ఎవరినీ అడగలేదు, అడిగితే బాగుండదని! సమ్మయ్య తలకు చుట్టుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. ఆ ఫ్లెక్సీ ఎందుకు కట్టానో గల్లీ మొత్తంలో బాగా తెలిసినవాడు ఆయనే. అయినా ఏడుపు వినగానే మెత్తబడ్డాడు.

“పొద్దుగాల ఆరింటికి గూడ మంచిగనే మాట్లాడిండక్కా... నాకు జామచెట్టుకు మొకమిస్తనన్నడు...”

నేను వెనకనుంచి ఇదంతా వింటున్నాను. లేద్దామంటే మోకాళ్లు పట్టేశాయి. అరుద్దామంటే పొగకు గొంతు పట్టేసి దగ్గు తప్ప మాట రాదు. పైగా, నిజం చెప్పొద్దూ, నా గురించి ఇంకెవరైనా ఏమైనా మంచి చెబుతారేమోనని ఒక నిమిషం ఆగాను. ఎవరూ చెప్పలేదు. ఎవరో ఆడమనిషి, “పాపం, పూలకు పెండ్లి చేసేటోడు” అంది, అంతే.

చివరికి పాకుతూ ఫ్లెక్సీ కిందినుంచి తల బయటపెట్టాను. పైన నా ముఖం, కింద మసి పట్టిన నా ముఖం! లచ్చక్క కెవ్వున అరిచి కిందపడబోతే ఇద్దరు పట్టుకున్నారు. తేరుకుని నన్ను తడిమి చూసింది. తర్వాత చేతిసంచితో మొదలుపెట్టింది.

“సచ్చినోడా! బతికే ఉన్నవారా! బతికున్నోని ఫొటోకు దండేసి పొగవెడతరా? గిదేం పాడుపని!”

“అక్కా, కోతులకు... సొరకాయ...”

వినదే! ఒక్క గుంజు గుంజి ఫ్లెక్సీని పందిరి మీదినుంచి ఊడబెరికి కింద పారేసింది. దాని వెనకనుంచి నా సొరకాయ లోకానికంతటికీ కనబడింది. కరెంటు తీగ మీద కూర్చుని మా తమాషా అంతా చూస్తున్న సగం చెవిదానికి కూడా.

అది గోడ మీదికి దిగింది. నాకు ఒకటే ఆలోచన వచ్చింది. ఫొటోకే అంత భయపడ్డది, నిజం మనిషికి ఎంత భయపడాలి! సొరకాయకు అడ్డంగా నిలబడ్డాను. ఛాతీ విరిచాను. ఫొటోలో లాగానే కళ్లు పెద్దవి చేసి, రెప్ప కొట్టకుండా చూశాను. కోతి కింద పడున్న నా ముఖాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్లీ దాన్ని చూసింది. ఇంతేనా అన్నట్టు తల గోక్కుంది. నా కాళ్ల సందులోంచి నింపాదిగా దూరిపోయి సొరకాయ తెంపింది!

“పట్టుకోండి!” అని అందరూ అరిచారు. గేటు దగ్గర జనం. గోడ మీదికి సమ్మయ్య కట్టె పట్టుకుని ఎక్కాడు. దానికి దారి దొరకలేదు. సొరకాయను చంటిపిల్లలా సంకన పెట్టుకుని తెరిచున్న తలుపులోంచి వరండా దాటి, హాలు దాటి, నేరుగా వంటింట్లోకి పోయింది.

మా ఆవిడకు మిక్సీ మోతలో బయటి ఏడుపులు ఒక్కటీ వినబడలేదు. అప్పుడే మిక్సీ ఆపి, వెనక్కి తిరక్కుండానే, “తెచ్చినవా? ఆడ పెట్టు” అందట.

తర్వాత అరుపు! అప్పడాల కర్ర విసిరిన చప్పుడు! మేమంతా పరిగెత్తేసరికి కోతి కిటికీలోంచి పోయింది. పిండి పళ్లెం పక్కన గట్టు మీద సొరకాయ. ఒక్క కొరుకు మాత్రమే కొరికి ఉంది.

మా ఆవిడ దాన్ని చూసింది, నా మసి ముఖం చూసింది, వెనకాల ముక్కు చీదుతున్న పదిహేను మందిని చూసింది. సంగతి విన్నాక కూర్చుని నవ్వడం మొదలుపెడితే పావుగంట ఆగలేదు. నేను మాత్రం ఆఫీసు మనిషిని. పాయింట్ వదలలేదు.

“భారతమ్మా, షరతు ఏంది? పండుగ లోపల సొరకాయ వంటింట్లకు రావాలె. ఎవరు తేవాలన్నది షరతులో లేదు.”

“ఔను వదినా” అన్నాడు సమ్మయ్య తువ్వాల మళ్లీ తలకు చుట్టుకుంటూ. “రూల్ ప్రకారం వచ్చింది.”

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. “సరే, తోట ఉండనీయ్. మేస్త్రీకి ఫోన్ చేసి వద్దంట. కని ఇంకో షరతు. ఫ్లెక్సీ మళ్ల కట్టు. దాన్ని చూసి కోతులు భయపడ్డయ్, నిన్ను చూసినంక భయం పోయింది. ఇగ నువ్వు తోటల వాటి కండ్లకు కనబడొద్దు.”

తీగకు కొత్త పిందె ఒకటి పట్టింది, ఏం చేయను? ఒప్పుకున్నాను. అందుకని ఇప్పుడు రోజూ మా ఆవిడ పాత చీర ఒంటికి చుట్టుకుని, కళ్లదాకా ముసుగేసుకుని నీళ్లు పడుతున్నాను. కోతులు రావడం లేదు. తోట పచ్చగా ఉంది. నిన్న పొద్దున సమ్మయ్య గోడ మీదినుంచి చూసి, వరండాలో ఉన్న మా ఆవిడను కేకేశాడు.

“వదినా, కొత్తగ పనామెను పెట్టుకున్నవా? చెట్ల పని మంచిగ చేస్తాంది. మా ఇంటికి గూడ పంపరాదు?”

ముప్పై రెండేళ్ల సర్వీసులో నా పని మంచిగుందన్న మొదటి మనిషి ఆయనేనండి. ముసుగు తీయబుద్ధి కాలేదు.